మొదట ఎవరికి చెప్పాలి

మా తమ్ముడు ఆ ప్యాంటు తెచ్చింది వానలు మొదలైన వారంలో. గొడుగు చేతిలో ఉండి కూడా తడిసిపోయి వచ్చాడు. చూస్తే గొడుగు తన నెత్తి మీద లేదు, చంకలో ఉన్న సంచి మీద ఉంది. బట్టల మీద వాడికి అంత శ్రద్ధ నేనెప్పుడూ చూడలేదు. సంచి విప్పి కుట్టుబల్ల మీద పరిచాడు. ఆకుపచ్చా కాదు, మట్టిరంగూ కాదు, రెండూ కలిసిన రంగు. మూడేళ్ళ కిందట కలరా ఉండలు వేసి నా చేతులతో నేనే మా పాతింట్లో అటక ఎక్కించిన యూనిఫాం.

"నడుము దగ్గర రెండు వేళ్ళు వదులు చెయ్యాలక్కా."

"రెండు కాదు, నాలుగు. అద్దంలో చూసుకున్నావా ఎప్పుడైనా?"

వాడు నవ్వలేదు. నా ఎగతాళికి నవ్వకపోతే ఏదో ఉందన్నమాటే. టేపు మెడలో వేసుకుని నిలబడ్డాను.

మా ఇంటి ముందుగదే నా కుట్టుషాపు. వెనక గదిలో నేనొక్కదాన్నే ఉంటాను, పైన వాడూ మా మరదలూ. వాడు సైన్యంలో ఉన్నప్పుడు గోతుల్లో, బురదలో దిగబడిన లారీలను బయటికి లాగే బండి నడిపేవాడు. వచ్చేశాక లిఫ్టులు బాగుచేసే కంపెనీలో చేరాడు. అప్పుడు పక్కకి లాగేవాడివి, ఇప్పుడు పైకి లాగుతున్నావు, అంతే కదా తేడా అని నేను ఏడిపిస్తుండేదాన్ని.

"రిజర్వులో చేరుతున్నాను," అన్నాడు. "నెలకి రెండ్రోజులు, ఏడాదికో పదిహేను రోజులు. అంతే."

"అంతేనా?"

"మరీ అవసరమైతే పిలుస్తారు."

"పొద్దున్నుంచీ రేడియోలో సరిహద్దు గురించి చెప్తున్నారే, అది అవసరం కాదా మరి?"

వాడు పొట్టోడి పేరెత్తాడు. పొట్టోడంటే సైన్యంలో వాడి నేస్తం, ఇప్పుడు రిజర్వులో ఉన్న ఆరడుగుల పైచిలుకు మనిషి. దళంలో ఎవడో వేళాకోళానికి పెట్టిన పేరు అలాగే అంటుకుపోయింది. నా షాపు గుమ్మానికి తల కొట్టుకోకుండా లోపలికి వచ్చిన రోజు లేదు.

"నేను వచ్చేశాక ఆ బండికి సరైన మనిషి లేడక్కా. కొత్తగా వచ్చిన ఇద్దరికీ తాడు ఎక్కడ కట్టాలో కూడా తెలీదట. పొట్టోడు వాళ్ళతోనే తిరుగుతున్నాడు. ఆ రోజు లోయలో బండి కింద ఉన్నది నేను. తాడు నడుముకి కట్టుకుని దిగింది వాడు. వేరేవాళ్ళు పైనుంచి చూస్తూ ఉన్నారు."

ఆ రోజు నాకూ గుర్తుంది, నాకే ఎక్కువ గుర్తుంది. పొద్దున ఏడింటికి షాపులో ఫోను మోగింది. మీ తమ్ముడి బండి బోల్తా పడింది, వివరాలు తెలియగానే చెప్తాం అన్నారు. తెలియడానికి తొమ్మిది గంటలు పట్టింది. ఆ తొమ్మిది గంటల్లో నేను పద్నాలుగు చొక్కాలకి గుండీలు కుట్టాను. ఒక్క గుండీ కూడా వంకరపోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నన్ను చూసి నాకే భయమేస్తుంది.

ఫోను నాకే ఎందుకు వచ్చిందంటే, వాళ్ళ దళంలో ఒక అలవాటుంది. చేరేటప్పుడు నింపే కాగితంలో 'ఏదైనా జరిగితే మొదట ఎవరికి చెప్పాలి' అని ఒక గడి ఉంటుంది. అక్కడ భార్య పేరో తల్లి పేరో రాయరు. విని నిలబడగలిగిన మనిషి ఎవరైతే వాళ్ళ పేరు రాస్తారు. ఇంట్లో మిగతావాళ్ళకి ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో ఆ మనిషి చూసుకోవాలి.

"ఈసారి కూడా నీ పేరే రాశాను," అన్నాడు, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్తున్నంత మామూలుగా.

"మీ ఆవిడకి చెప్పావా?"

"విచారణ అయిపోనీ, చెప్తా. ఇంకా సంతకం ఎక్కడ పెట్టాను? మొదటి హాజరుకి వెళ్ళి పట్టీలో సంతకం పెట్టేదాకా ఎప్పుడైనా మానుకోవచ్చు. పెడితే మాత్రం రెండేళ్ళు."

విచారణ అంటే దత్తత విచారణ. మూడేళ్ళుగా వాళ్ళిద్దరూ తిరగని ఆఫీసు లేదు. చివరికి పిల్లల గృహంలో ఒక పాపని చూపించారు. నాలుగేళ్ళది. అన్నీ కుదిరితే ఈ వానాకాలం దాటేలోపు ఇంటికి వస్తుంది. ఏ ఒక్కటి కుదరకపోయినా వరసలో తర్వాతి వాళ్ళింటికి వెళ్తుంది.

నేను గట్టిగా అరవాల్సింది. అరవలేదు. సుద్దముక్క తీసి ప్యాంటు మీద గీత గీశాను.

రెండ్రోజుల తర్వాత నడుము కుట్టు విప్పి మళ్ళీ వేస్తున్నాను. గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. మా మరదలు నడిచే తీరు నాకు తెలుసు. ప్యాంటు చుట్టచుట్టి బల్ల కిందికి తోసేశాను. పైనున్న దారం కండె పీకి, చేతికందిన పసుపుపచ్చ కండె పెట్టేసి, ఏదో పనిలో ఉన్నట్టు ముఖం పెట్టాను.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. అద్దం మీద వెంట్రుకంత గీత ఉన్నా దాటిపోనివ్వదు. ఆమె ముందు దొంగముఖం పెట్టడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

"వదినా, కర్టెన్ల గుడ్డ తెచ్చాను. గురువారం ఫైలావిడ వస్తోంది. ఆలోపు కుట్టివ్వాలి మీరు." విచారణకి వచ్చే ఆవిడ చేతిలో ఫైలు దించదు కాబట్టి మేం పెట్టుకున్న పేరది.

లేత పసుపు గుడ్డ. పరిచి కొలతలు చూస్తున్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని పాప కబుర్లు మొదలుపెట్టింది.

"నిన్న వెళ్ళినప్పుడు మళ్ళీ నా చెప్పు ఒకటి దాచేసింది వదినా. వచ్చిన వాళ్ళందరివీ అంతేనట. ఒకటే దాస్తుంది. రెండూ దాస్తే వాళ్ళు వట్టికాళ్ళతో వెళ్ళిపోతారట, ఒకటే ఉంటే వెతుక్కుంటూ ఉండిపోతారట. అక్కడి ఆయమ్మ చెప్పింది."

"తెలివైన పిల్లే."

"ఈయన చెప్పు మాత్రం రెండు గంటలు దొరకలేదు. ఈయనేమో వెతికినట్టు నటిస్తూ అక్కడే కూర్చున్నారు. మంచాల కింద దూరి, డ్రమ్ములు తెరిచి చూసి... అది ఎంత నవ్విందో!" చెప్తూ చెప్తూ గొంతు తగ్గించింది. "వదినా, ఈ మధ్య ఆయన ఎలాగో ఉంటున్నారు. మీకేమైనా చెప్పారా?"

"నాకేం చెప్తాడు," అన్నాను. కత్తెర ఎక్కడ పెట్టానో తెలియనట్టు వెతికాను. అది నా చేతిలోనే ఉంది.

ఆమె వెళ్ళాక అదే ఊపులో కూర్చుని నాలుగు కర్టెన్లకీ అంచులు మడిచి కుట్టేశాను. ఇరవై ఆరేళ్ళుగా మిషను తొక్కుతున్నాను. పై దారం మారిస్తే, గుడ్డ వెనకవైపు కుట్టు వేసే కింది బాబిన్ దారం కూడా మార్చాలని నిన్నగాక మొన్న సూది పట్టినవాళ్ళకి కూడా తెలుసు. నా బుర్ర నా దగ్గర లేదు. పైన చూస్తే పసుపు మీద పసుపు, కుట్టు కనపడనే లేదు. తిరగేసి చూడకుండానే మడతపెట్టి పైకి పంపేశాను.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం ఆమె ఒక కర్టెను చేత్తో పట్టుకుని కిందికి దిగివచ్చింది. బల్ల మీద తిరగేసి పరిచింది. పసుపు గుడ్డ వెనకవైపు పొడుగూతా, ఆకుపచ్చా కాని మట్టిరంగూ కాని కుట్టు.

"ఈ రంగు దారం మీ షాపులో ఎప్పుడూ చూడలేదు వదినా."

ఆమె వేలితో ఆ కుట్టు వెంట చివరిదాకా వెళ్ళింది.

"ఎప్పట్నించి?"

"వానలు మొదలైనప్పట్నించి," అన్నాను. ఇక దాచి లాభం లేదు. ప్యాంటు బల్ల కింద నుంచి తీసి ఆమె ముందు పెట్టాను. చెప్పాల్సిందంతా చెప్పాను, పొట్టోడి సంగతి, హాజరుపట్టీ సంగతి, రెండేళ్ళ సంగతి. గడిలో నా పేరున్న సంగతి కూడా చెప్పాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మెట్ల దగ్గరికి వెళ్ళి, "ఏవండీ, ఆ కాగితం పట్టుకుని ఒకసారి కిందికి రండి," అని పిలిచింది.

వాడు వచ్చాడు. బల్ల మీద పక్కపక్కనే పరిచి ఉన్న రెంటినీ చూసి తెల్లమొహం వేశాడు. నావైపు చూశాడు.

"అక్కనేం చూస్తారు? ఆవిడ చెప్పలేదు, మిషను చెప్పింది," అంది మరదలు. "కాగితం ఇలా ఇవ్వండి."

చదివింది. మొదట్నించి చివరిదాకా, మడత విప్పి మరీ చదివింది. మా షాపు పైరేకు మీద వాన దడదడమంటోంది.

"వెళ్ళొద్దని నేననను," అంది. "అంటే మానేస్తారు. మానేసి, రేపు పొట్టన్నయ్యకి ఏదైనా అయితే జీవితాంతం నా మొహం చూసి పళ్ళు కొరుక్కుంటారు. అలా నాకొద్దు. కానీ రెండు సంగతులు. గురువారం ఆవిడ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇంకోటి, ఈ గడిలో వదిన పేరు కొట్టేసి నా పేరు రాయండి."

"అది అక్కడి పద్ధతే. నిన్ను కాదని కాదు..."

"వదిన్ని అడిగారా?"

"ఏంటి?"

"ఈ గడిలో రాసేముందు, రాయొచ్చా అని వదిన్ని అడిగారా? అప్పుడు గానీ ఇప్పుడు గానీ?"

నేను గబుక్కున లేచి ఇస్త్రీపెట్టె స్విచ్చి వేశాను, ఇస్త్రీ చేయాల్సిందేమీ లేకపోయినా. పద్నాలుగు చొక్కాల సంగతి నేనెవరికీ చెప్పలేదు. అక్క గట్టిది, అక్క తట్టుకుంటుంది. ఆ మాట అందరూ ఎంత సులువుగా అనేవారంటే, నేను కూడా నమ్మేశాను. నన్నొకరు అడిగి ఉండాల్సిందని, ఆ అమ్మాయి అనేదాకా నాకు తట్టనేలేదు.

వాడు పెన్ను తీసుకున్నాడు. నా పేరు మీద ఒక గీత కొట్టాడు. దాని పక్కన పెన్ను పెట్టాడు. పెట్టి అలాగే కూర్చున్నాడు. నా పేరు రాసేటప్పుడు వాడి చెయ్యి ఆగి ఉండదు, ఆ అక్షరాలు చూస్తేనే తెలుస్తోంది. ఇప్పుడు మొదటి అక్షరం కూడా పడలేదు. మా మరదలు ఎదురుగా నిలబడి ఆ పెన్ను కొసనే చూస్తోంది. కాసేపటికి వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వానలోకి వెళ్ళిపోయాడు. ఈసారి గొడుగు కూడా తీసుకెళ్ళలేదు.

ఇప్పుడు నిజం ఒప్పుకోవాలి. నాకు ఆ క్షణంలో వాడి మీద జాలి వేయలేదు. కోపమొచ్చింది. పెళ్ళాం పేరు రాయడానికి చెయ్యి ఆడనివాడికి అక్క పేరు రాయడానికి ఎలా ఆడిందిరా అని వీధిలోకి వెళ్ళి అరవాలనిపించింది.

గురువారం ఫైలావిడ వచ్చింది. గదులు చూసింది, కిటికీ ఊచలు లాగి చూసింది, కర్టెను పక్కకి జరిపి బయటికి చూసింది. వెనక కుట్టు ఆవిడ కంట పడిందో లేదో తెలియదు. మేం విప్పి మళ్ళీ కుట్టలేదు. వద్దు, అలాగే ఉండనివ్వండి అంది మరదలు.

"మొదటి ఏడాది మీ ఇద్దరిలో ఎవరైనా ఎక్కువకాలం ఇంటికి దూరంగా ఉండే అవకాశం ఉందా?" ఫైలావిడ కాగితం చూసి చదివింది.

మరదలు తలెత్తలేదు. నేను తలుపు దగ్గర టీ పళ్ళెం పట్టుకుని ఉండిపోయాను.

"ఉందండి," అన్నాడు వాడు. అంతా చెప్పాడు.

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "చూడండి, నిజం చెప్పారు, సంతోషం. పాప నెల్లాళ్ళు మీ దగ్గర ఉండి చూస్తుంది, దాన్ని నేనాపను. ఇప్పటికి మీరు ఎక్కడా కట్టుబడి లేరు. ఆ పట్టీలో సంతకం పడ్డాక మాత్రం నేను రాయక తప్పదు. రాస్తే ఫైలు పైవాళ్ళ దగ్గరికి వెళ్తుంది. ఇలాంటివి సాధారణంగా తర్వాతి కుటుంబానికే ఇస్తారు."

"హాజరు ఎప్పుడండీ?" అని వాణ్ని అడిగింది.

లెక్కచూస్తే, పాప వచ్చిన మూడో వారంలో పడింది.

పాప వచ్చింది. మొదటి రోజంతా మాట్లాడలేదు. రెండో రోజు నా షాపుకి వచ్చిన వాళ్ళ చెప్పులు మాయమవడం మొదలైంది. కొలతలివ్వడానికి వచ్చిన పోస్టుమాస్టరు గంటసేపు ఒంటి బూటుతో కూర్చుని, నేను తొమ్మిదేళ్ళుగా వినని ఆయన ఇంటి సంగతులన్నీ చెప్పాడు. పాప నా కాళ్ళ దగ్గర, గుడ్డపేలికల బుట్ట పక్కన కూర్చుని వినేది. పదో రోజుకల్లా అది దాచే చోట్లన్నీ నాకు తెలిసిపోయాయి. ఇస్త్రీబల్ల వెనక, నీళ్ళ బిందె చాటున, బుట్ట అడుగున. ఇంట్లో వాళ్ళవి మాత్రం ముట్టుకోవడం మానేసింది. మా మరదలు చెప్పులు, వాడి చెప్పులు, నావి మెట్ల కింద జతలు జతలుగా ఉండేవి.

వాడేమో ఉన్నాడంటే ఉన్నాడు. లిఫ్టుల పని నుంచి వచ్చి పాపని భుజం మీద ఎక్కించుకుని వీధి చివరిదాకా తిరిగేవాడు. తిరిగి వచ్చి షాపు బెంచీ మీద కూర్చుని రేడియో వినేవాడు. సరిహద్దు వార్తలు వస్తుంటే వాడి దవడ కదిలేది. వాడి జేబులో ఆ కాగితం ఉందని మా ముగ్గురికీ తెలుసు. గడిలో ఏముందో మరదలు అడగలేదు, నేనూ అడగలేదు. ఇల్లంతా ఊపిరి బిగపట్టుకుని ఉన్నట్టుండేది.

హాజరు రోజు రానే వచ్చింది. ఏడింటికి పొట్టోడు వ్యాను తెస్తానన్నాడు. ఆరున్నరకే వాడు యూనిఫాం వేసుకుని కిందికి దిగాడు. నడుము సరిగ్గా కూర్చుంది. నా కుట్టుని అంతగా ఎప్పుడూ తిట్టుకోలేదు. రాత్రి పాలిషు పెట్టి బెంచీ కింద ఉంచిన బూట్లు తీశాడు. ఒకటి తొడిగి లేసు కట్టాడు. రెండోదాని కోసం చెయ్యి పెడితే లేదు.

వంగి చూశాడు. ఇస్త్రీబల్ల వెనక చూశాడు. బిందె చాటున చూశాడు. ఆ రోజు పిల్లల గృహంలో నటించినట్టు కాదు, నిజంగానే వెతికాడు. మరదలు మెట్ల మీద నిలబడి ఉంది. దువ్వెన చేతిలో అలాగే ఉంది. పాప ఆమె చీరె కుచ్చెళ్ళు పట్టుకుని మమ్మల్నే చూస్తోంది. నవ్వడం లేదు.

నేను మిషను మీదున్నాను. నా కాలి పక్కన బుట్టలో, పేలికల మధ్య నుంచి నల్లటి లేసు జానెడు వేలాడుతోంది. నేను చూశాను. చూసి, మిషను తొక్కుతూనే ఉన్నాను.

"అక్కా, బూటు చూశావా?"

"లేదు," అన్నాను.

నేను అబద్ధమాడితే చిన్నప్పటి నుంచీ వాడికి ఇట్టే తెలిసిపోతుంది. వాడు నా ముఖంలోకి చూశాడు. తర్వాత బుట్టవైపు చూశాడు. లేసు చూశాడు. బయట వ్యాను హారను మోగింది.

గుమ్మానికి నుదురు కొట్టుకుని పొట్టోడు లోపలికి వచ్చాడు. "ఏరా, టైమైంది. ఏంటి ఒంటికాలితో?"

"బూటు దొరకట్లేదురా."

పొట్టోడు గది చుట్టూ చూశాడు. వాడి ఎత్తుకి బుట్టలో ఉన్నదంతా కనపడుతుంది. మెట్ల మీదున్న పాపని చూశాడు. నుదురు రుద్దుకుంటూ, "వెతుకు మరి. పది నిమిషాలు ఆగుతాను," అని బయటికి వెళ్ళాడు. మళ్ళీ హారను కొట్టలేదు.

మా తమ్ముడు బెంచీ మీద కూర్చున్నాడు. బుట్ట వాడికి చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. ఎంతసేపు కూర్చున్నాడో నేను చెప్పలేను. నాకు తెలిసిందల్లా నా మిషను కింద దారం అయిపోయి సూది వట్టిగుడ్డ మీద నడుస్తోందని, నేను ఆపలేదని. చివరికి వాడు ముందుకు వంగి, కాలికి ఉన్న ఒక్క బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు. ముడి పడిపోయింది. పాప మెట్లు దిగివచ్చి, వాడి ముందు కూర్చుని, ఆ ముడి విప్పడానికి సాయం పట్టింది.

బయట వ్యాను బయల్దేరిన చప్పుడు వినిపించింది. వాడు తల ఎత్తలేదు.

వానలు వెనకబట్టేవేళకి కాగితాలు వచ్చాయి. పాప మాదైంది. ఆ వారంలోనే సరిహద్దుకి వెళ్ళాల్సిన దళంవాళ్ళ జాబితా కూడా వచ్చింది. పొట్టోడి పేరుంది.

వెళ్ళేముందు రోజు పొద్దున పొట్టోడు నా షాపుకి వచ్చాడు. ప్యాంటు కాళ్ళ పొడవు చాలడం లేదని వంక. బూట్లు గుమ్మం దగ్గర విప్పి, బెంచీ మీద కూర్చున్నాడు. నేను కాలిమడత విప్పి పొడవు వదిలి కుట్టాను. అప్పుడు జేబులోంచి తన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. గడి ఖాళీగా ఉంది.

"మా మేనత్త పేరుండేదక్కా పాత కాగితంలో. మొన్న ఎండల్లో పోయింది కదా." పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "నీ పేరు రాసుకోనా? నీకు ఇష్టమైతేనే. కష్టమంటే చెప్పు, ఏమీ అనుకోను. అక్కడ ఇంకెవరినైనా అడుగుతాను."

పైన మా తమ్ముడు పాపకి ఏదో నేర్పుతున్నాడు. ఇద్దరి గొంతులూ వినిపిస్తున్నాయి. పొట్టోడు కూడా ఆ గొంతులే వింటూ కూర్చున్నాడు. వాడి ముఖంలో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

"రాసుకో," అన్నాను. "షాపు నంబరు సరిగ్గా రాయి. చివర్లో ఏడు, ఒకటి కాదు."

రాసుకున్నాడు. లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడిపోయాడు. అక్కడ ఒక బూటే ఉంది. పాప ఎప్పుడు దిగిందో, ఎప్పుడు తీసిందో. వాడు నావైపు తిరిగి నవ్వాడు, నేనేం చేస్తానో చూద్దామన్నట్టు.

ఆ రోజు చూడలేదన్న నేనే లేచాను. బుట్ట అడుగున చెయ్యి పెట్టి, పొట్టోడి బూటు బయటికి తీసి, అంటుకున్న దారప్పోగులు దులిపి, వాడి చేతికిచ్చాను.